పన్నెండో పేరు

ఏప్రిల్ 6

ఒళ్ళు మండిపోతోంది. మా ఆవిడ మమతారాణికి చెప్పుకుంటే "మీకు కోపం రాని రోజేది?" అంటుంది. అందుకే బడి పాత హాజరు పుస్తకంలో వెనక మిగిలిన పేజీలు తీసుకుని కూర్చున్నాను.

పొద్దున జగన్మోహన్‌రావు గారు రైస్ మిల్లుకు రమ్మని కబురు పెట్టాడు. నేను కోచ్‌గా ఉన్న బాస్కెట్‌బాల్ క్లబ్బుకు ప్రెసిడెంటు కదా, వచ్చే నెల కరీంనగర్ టోర్నమెంట్ గురించేమో అనుకుని పోయాను. కుర్చీ వేయించి, చాయ్ తెప్పించి, అప్పుడు చెప్పాడు.

"కైలాసం సారూ, గీ ఏడు మనకు కప్పు గావాలె. బోథ్ కెళ్ళి ఒక పిలగాన్ని తెస్తున్న. తారక్ అని. ఆరడుగుల నాలుగంగుళాలు. హైదరాబాద్‌ల పెద్ద టీమ్‌కు ఆడిండు."

"మరి అక్కడ ఇప్పుడెందుకు ఆడుతలేడు సార్?"

"మోకాలు ఆపరేషన్ అయింది. ఇప్పుడు మంచిగనే ఉందట."

విన్నారా? వినేవాళ్ళెవరూ లేరు, అయినా అడుగుతున్నాను. ఉందట!

మూడేళ్ళ కింద ఈ జట్టు కరీంనగర్‌లో మొదటి మ్యాచ్‌లోనే నలభై పాయింట్ల తేడాతో ఓడింది. మాది మరమగ్గాల ఊరు. సాంచాలు నడిపే చేతులకు బంతి ఏం తెలుస్తుందని అక్కడ నవ్వారు. పోయినేడు అదే కోర్టులో మూడో స్థానం. ఎవరి వల్ల? పన్నెండు గంటలు సాంచాల మధ్య నిలబడి, కళ్ళు ఎర్రగా చేసుకుని, పొద్దున ఐదున్నరకు సిమెంటు కోర్టుకు వచ్చే పిల్లల వల్ల. వాళ్ళను ఒక్కొక్కరినీ కార్ఖానాల్లోంచి పట్టుకొచ్చింది మా కెప్టెన్ ముత్యం. వాడూ సాంచాల మీదే. ఐదడుగుల ఏడంగుళాలు, ఇరవై తొమ్మిదేళ్ళు. వాడి చేతిలో బంతి పడితే ఎదుటివాడు గుంజుకున్నది నేను చూడలేదు.

మెల్లగా పైకి వస్తున్నాం సార్, తొందరెందుకు అన్నాను.

"జర ఆలోచన చెయ్యి సారూ. వచ్చే ఏడు గీ పోరగాళ్ళు ఉంటరా? ఇద్దరు భీవండి పోతమంటున్నరు. ఒకడు దుబాయ్ కాయితాలు పెట్టిండు. ఉన్నప్పుడే కొట్టాలె."

ఆయన చెప్పింది నిజమే. అందుకే మరీ మండింది.

జట్టుకు పన్నెండు మందే. మా పన్నెండూ నిండాయి. పన్నెండో పేరు హరీష్, మా నర్మదక్క కొడుకు. ఒకడు రావాలంటే ఒకడు పోవాలి. ఎవరి కడుపు కొట్టాలి నేను?

ఏప్రిల్ 9

తారక్ వచ్చాడు. ఏదో ఒక వంక దొరుకుతుందని గంటసేపు కళ్ళలో వత్తులేసుకుని చూశాను. దొరకలేదు. రింగ్ కింద నిలబడి చెయ్యి ఎత్తితే బంతి దానంతట అదే వాడి దగ్గరికి వస్తోంది. మా పిల్లలు ఆట ఆపి నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు. వాడికి పొగరు కూడా లేదు. ఉంటే నాకు సులువయ్యేది.

"మోకాలు ఎట్లుంది?" అన్నాను.

"మంచిగుంది సార్. ఫికర్ చెయ్యకున్రి."

ఆట అయ్యాక కోర్టు బయటి మూడు మెట్లు దిగుతూ గోడ పట్టుకున్నాడు. నేను చూశాను. ముత్యం కూడా చూశాడు.

ఏప్రిల్ 10

వద్దని చెప్పేస్తాను. రేపే. నిర్ణయం అయిపోయింది.

ఏప్రిల్ 11

మిల్లు బంద్ ఉంది. చెప్పలేదు.

ఏప్రిల్ 12

ఈ ముత్యంగాడికి బుద్ధుందా? ఇయ్యాల చిన్న హనుమాన్ జయంతి. తెల్లారేసరికి కోర్టుకు రావలసినవాడు కొండగట్టు పోయి మాల వేసుకుని వచ్చాడు. కాషాయం లుంగీ, కాషాయం అంగీ, నుదుట సింధూరం, కాళ్ళకు చెప్పుల్లేవు. దీక్షలో ఉన్నవాడు షూ వేసుకోడు. షూ లేనిదే రెఫరీ కోర్టులో అడుగు పెట్టనివ్వడు. చిన్న జయంతినాడు మాల వేసుకుంటే పెద్ద జయంతి దాకా, నలభై ఒక్క రోజులు. అంటే మే ఇరవై రెండు. మా మ్యాచ్‌లు మే ఐదు నుంచి.

కెప్టెన్ అట, కెప్టెన్! ముందర ఒక మాట చెప్పాలా వద్దా?

తిడదామని నోరు తెరిచాను. "చెప్పున్రి స్వామీ" అన్నాడు. దీక్షలో వాళ్ళు అందరినీ స్వామీ అంటారు, మనమూ వాళ్ళను స్వామీ అనాలి. మాల వేసుకున్న మనిషిని ఎట్లా తిట్టను?

ఏప్రిల్ 15

కోర్టులో వినడానికి వీల్లేకుండా ఉంది. "స్వామీ, పాస్ ఇయ్యి!" "అటు కాదు స్వామీ, రింగ్ కాడికి!" తారక్ కూడా నేర్చుకున్నాడు. ముత్యం వట్టి కాళ్ళతో ఆడుతున్నాడు. ఏడు దాటితే సిమెంటు కాలుతుంది, అప్పుడు బయట వేపచెట్టు కింద నిలబడి తారక్‌కు మా పిల్లల సంగతులు చెప్తున్నాడు. ఎవడు ఎడమకు తిరుగుతాడు, ఎవడు భయపడితే బంతి వదిలేస్తాడు, ఎవడికి గట్టిగా చెప్పాలి, ఎవడికి మెల్లగా చెప్పాలి.

తన కుర్చీలోకి వచ్చినవాడికి తనే పాఠాలు చెప్తున్నాడు. చూస్తుంటే నాకు కోపమొస్తోంది. ఎవరి మీదో తెలియడం లేదు.

ఏప్రిల్ 19

అన్నం పెడుతూ మమతారాణి అడిగింది.

"ముత్యం ఎన్ని రోజుల దీక్ష తీసుకున్నడు?"

"నలభై ఒక్కటి."

"మీరడిగిన్రా?"

"అడుగుడేంది? చిన్న జయంతికి వేస్తే పెద్ద జయంతికే గద తీస్తరు."

"మా అన్న పదకొండు రోజులే వేసిండు పోయినేడు. ఇరవై ఒకటి గూడ వేస్తరు."

ఆడవాళ్ళకు ప్రతిదానికీ ఒక అన్న ఉంటాడు. పప్పులో ఉప్పు లేదని చెప్పి లేచాను.

ఏప్రిల్ 24

లిస్టు రేపు సాయంత్రంలోగా కరీంనగర్‌లో ఇవ్వాలి. ఇచ్చాక ఒక్క పేరు కూడా మార్చడానికి లేదు.

ప్రెసిడెంటు ముత్యం పేరు కొట్టేయించాడు.

ఈ డబ్బున్నవాళ్ళకు మనుషులు మిల్లులో బస్తాలు. ఒక బస్తా దించు, ఒక బస్తా ఎత్తు. నేనేం చేయగలను? క్లబ్బు వాళ్ళది, బస్సు వాళ్ళది, జెర్సీలు వాళ్ళవి. అయినా ముత్యం షూ వేసుకోడు కదా. షూ వేసుకోని మనిషి పేరు లిస్టులో పెడితే ఒక చోటు వృథా. ఇది లెక్క. ఎవరైనా ఇదే చేస్తారు.

కెప్టెన్‌గా తారక్ పేరు రాశాను. సంతకం పెట్టాను.

ఏప్రిల్ 25

ఇచ్చి వచ్చాను. బస్సులో ఎవడో కాలు తొక్కితే వాడితో గొడవ పెట్టుకున్నాను.

ఏప్రిల్ 28

ముత్యం రోజూ వస్తున్నాడు. అందరికంటే ముందు వచ్చి కోర్టు ఊడుస్తున్నాడు. ఇంకా చెప్పలేదు. దీక్షలో ఉన్న మనిషి మనసు నొప్పించకూడదు.

హరీష్ ఇయ్యాల పది ఫ్రీ త్రోలు వేస్తే ఏడు పడ్డాయి. మెరుగవుతున్నాడు. ఇది రాసి పెట్టాలి.

మే 3

పొద్దున ఐదున్నరకు గేటు తీసి ఉంది. లోపల ముత్యం. కాషాయం లేదు, మెడలో మాల లేదు, గడ్డం గీసుకున్నాడు. కాళ్ళకు షూ ఉన్నాయి. లేసులు కొత్తవి.

"మాలేది?" అన్నాను.

"నిన్న కొండగట్టుల విరమణ చేసిన సార్."

"నలభై ఒక్క రోజులు గద?"

"ఇరవై ఒక్క రోజు సార్." నవ్వాడు. "ఐదు తారీఖుకు మ్యాచ్ పెట్టుకొని నలభై ఒక్కటి ఎట్ల వేస్త? దినాలు లెక్క జూసుకునే వేసిన."

అంతలో తారక్ వచ్చాడు. ముత్యం జేబులోంచి ఎర్రదారం తీసి, ఒక మోకాలు నేల మీద ఆనించి, వాడి మోకాలి పట్టీ కింద కట్టాడు. "గీ మోకాలు గురించే మొక్కిన తమ్మీ. గోడ వట్టుకొని దిగినవ్ గద ఆ దినం. ఇగ నీకేం కాదు, నువ్వు ఎగురు" అన్నాడు. తారక్ వాడి భుజం పట్టుకుని నిలబడ్డాడు. తొమ్మిది మంది పిల్లలు చుట్టూ ఉన్నారు. అందరూ సంతోషంగా ఉన్నారు. ఎవరికీ తెలియదు.

ముత్యాన్ని వేపచెట్టు దగ్గరికి పిలిచాను. లిస్టులో నీ పేరు లేదని చెప్పాను.

"ఎవరు తీసిన్రు సార్?"

"ప్రెసిడెంటు."

"ఎప్పుడు?"

"ఇరవై నాలుగున."

"గప్పటి సంది నాకెందుకు చెప్పలే?"

"దీక్షల ఉన్నవని."

తల ఊపాడు. కాసేపు షూ కేసి చూసుకున్నాడు. పోతాడనుకున్నాను. పోలేదు. "ప్రాక్టీస్‌కు ఎదురు ఆడనీకె మనుషులు గావాలె గద సార్" అని లోపలికి పోయి తారక్ ఎదుట నిలబడ్డాడు. గంటన్నర ఆడాడు. ఒక్కసారి కూడా బంతి పోగొట్టుకోలేదు.

మే 4

నిద్ర లేదు. మూడు సార్లు ఇరవై నాలుగో తారీఖు పేజీ తీసి చదివాను.

అబద్ధం. అదంతా అబద్ధం. నా పుస్తకంలో నేనే నాకు అబద్ధం రాసుకున్నాను.

జగన్మోహన్‌రావు ముత్యం పేరు నోట అనలేదు. "ఎవరినన్న ఒకరిని తియ్యి సారూ, గది నీ ఇష్టం, నేను మధ్యల రాను" అన్నాడు. లిస్టు, పెన్ను రెండూ నా ముందర పెట్టి, ఫోన్ వచ్చిందని బయటికి పోయాడు. గదిలో నేనొక్కణ్ణే. పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చాను. పన్నెండో పేరు దగ్గర ఆగాను. హరీష్. పోయినేడు మొత్తం కలిపి నాలుగు నిమిషాలు ఆడాడు. తీయవలసిన పేరు అదే. ఎవరిని అడిగినా అదే చెప్తారు. హరీష్‌ను అడిగినా అదే చెప్తాడు. కానీ నర్మదక్క ముఖం కళ్ళ ముందర కనిపించింది. "తమ్ముడుండి గూడ నా కొడుకును తీసేసిండు" అని పెళ్ళిళ్ళలో, బోనాలకు, చావులకు, కలిసిన ప్రతిచోటా అంటుంది. ఇంకో ఇరవై ఏళ్ళు అంటుంది. ముత్యానికి అట్లా అనే అక్క లేదు. ముత్యం కూడా అనడు. అనని మనిషిని తీసెయ్యడం ఎంత సులువు!

పెన్ను పైకి పోయింది. మొదటి పేరు మీద గీత గీశాను.

మాల ఒక వంక. నలభై ఒక్క రోజులని ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. అడిగితే ఒక్క మాట. రోజూ ఎదుటే ఉన్నాడు, రోజూ స్వామీ స్వామీ అంటున్నాను, ఎన్ని రోజులు స్వామీ అని అడగలేదు. మమతారాణి చెప్తే పప్పులో ఉప్పు వెతికాను. ఎక్కడ ఇరవై ఒకటి అంటాడోనని అడగలేదు.

ఇన్నాళ్ళూ ఆ రైస్ మిల్లాయన మీద మండిపడ్డాను. మా దొరతనం మాత్రం ఏం తక్కువ? పీఈటీ కైలాసం సారు దొరతనం!

రేపు మ్యాచ్. ముత్యానికి చెప్పాలి. మ్యాచ్‌లు అయ్యాక చెప్తాను. ఇప్పుడు చెప్తే పిల్లల మనసు చెదురుతుంది.

(మళ్ళీ అదే పని చేస్తున్నాను.)

మే 5

గెలిచాం. పద్దెనిమిది పాయింట్లు. తారక్ ఒక్కడే ముప్పై ఒకటి. ముత్యం మా బెంచీ వెనక ఇనుప జాలికి ఆనుకుని నిలబడ్డాడు. నేను వెనక్కి తిరగలేదు.

మే 7

గెలిచాం. తారక్ మోకాలు వాచింది. ఐస్ పెట్టాం. ఆపుదామా అంటే ప్రెసిడెంటు "రెండే మ్యాచ్‌లు సారూ, ఇంత దాక వచ్చి పరేషాన్ చెయ్యకు" అన్నాడు. తారక్ కూడా ఆడతానన్నాడు. నేను సరే అన్నాను. సరే అనడం నాకు బాగా అలవాటైంది.

మే 8

సెమీఫైనల్ గెలిచాం. ముత్యం కార్ఖానాలో లీవు ఇవ్వకపోతే ఎవరితోనో డ్యూటీ మార్చుకుని వచ్చాడట. హరీష్ చెప్పాడు. ఎందుకు వస్తున్నాడు? కోపం రాదా ఈ మనిషికి? నాకు వాడి మీదే కోపంగా ఉంది.

మే 9

ఫైనల్. ఎదుట ఆదిలాబాద్ జట్టు, అందరూ మాకంటే జానెడెత్తు.

మూడు నిమిషాలు ఉండగా రెండు పాయింట్లు ముందున్నాం. అప్పటికి బంతి నడిపే ఇద్దరూ ఐదేసి ఫౌళ్ళతో బయటికి వచ్చేశారు. బంతి నడపడం కాస్తో కూస్తో వచ్చినవాడు బెంచీ మీద హరీష్ ఒక్కడే. "మామా, నేనా?" అన్నాడు. కోర్టులో నన్ను మామా అనొద్దని వందసార్లు చెప్పాను.

పోయిన మొదటి బంతే పోగొట్టుకున్నాడు. రెండోదీ పోగొట్టుకున్నాడు. ఒక పాయింటు వెనకబడ్డాం. ఇరవై సెకన్లు. టైమౌట్‌లు అయిపోయాయి. అప్పుడు జాలి వెనక నుంచి ముత్యం గొంతు.

"హరీష్! ఉరుకకు! బంతి కాదు, తారక్‌ను జూడు! ఆగు... ఆగు... గిప్పుడియ్యి!"

హరీష్ ఇచ్చాడు. తారక్ ఎగిరాడు. బంతి రింగ్‌లో పడింది. తారక్ కింద పడ్డాడు.

ఒక్క పాయింటుతో కప్పు మాది. పిల్లలు అరుస్తూ ఒకరి మీద ఒకరు పడుతున్నారు. తారక్ లేవలేదు. మోకాలు పట్టుకుని పళ్ళు బిగించాడు. అందరికంటే ముందు వాడి దగ్గరికి పోయింది ముత్యం. జాలి ఎప్పుడు దూకాడో చూడలేదు.

ఓడిపోతే బాగుండేదని ఒక్క క్షణం అనిపించింది. ఓడితే కనీసం శిక్ష పడినట్టుండేది. గెలిచాక నన్ను అడిగేవాడెవడు?

మే 10

ఊరేగింపు. జగన్మోహన్‌రావు జీపు మీద నిలబడి కప్పు ఎత్తి చూపించాడు. బ్యాండు, దండలు, స్వీట్లు. మైకులో చెప్పాడు. "రిస్కు దీసుకున్నం, కొట్టినం!" జనం చప్పట్లు.

తీసుకున్నది ఎవరు? పోయింది ఎవరిది? తారక్ ఊరేగింపులో లేడు, ఆసుపత్రిలో ఉన్నాడు. మళ్ళీ ఆపరేషన్ అంటున్నారు. కోలుకోవడానికి ఏడాది పట్టవచ్చట. ఆట సంగతి డాక్టర్ చెప్పలేదు, మేం అడగలేదు. దండ వేస్తూ ప్రెసిడెంటు నా చెవిలో అన్నాడు. "ఖానాపూర్‌ల ఒక పిలగాడున్నడట సారూ. ఆరడుగుల ఐదు."

నిన్న కప్పుతో ఫోటో దిగుదామంటే తియ్యడానికి మనిషి కావలసి వచ్చింది. ముత్యమే తీశాడు. "హరీష్, జర లోపటికి జరుగు" అంటూ. ఆ ఫోటో ఇప్పుడు ప్రతి ఫోన్‌లో ఉంది. నర్మదక్క స్టేటస్‌లో కూడా ఉంది. నాకు ఫోన్ చేసి ఏడ్చింది, సంతోషంతో. నేను ఫోన్ పెట్టేశాను.

మే 12

రేపు పోతాను. రాసి పెడుతున్నాను, రేపు పోతాను.

మే 13

పోయాను.

ముత్యం పనిచేసే కార్ఖానాలో మొత్తం ఇరవై నాలుగు సాంచాలు. ఒక పక్కకు పిలిచి, మెల్లగా, ఇద్దరమే ఉండగా చెప్పాలని దారంతా అనుకుంటూ పోయాను. లోపలికి అడుగు పెట్టగానే తెలిసింది. అక్కడ మెల్లగా అనేది ఉండదు. ఇరవై నాలుగు సాంచాలు ఒక్కసారి దడదడలాడుతుంటే పక్కవాడి దగ్గు కూడా వినపడదు. ముత్యం తన సాంచాల మధ్య తిరుగుతూ తెగిన దారం ముడివేస్తున్నాడు. నన్ను చూసి తల ఊపాడు. బయటికి రమ్మని సైగ చేశాను. చేతిలో పని చూపించాడు.

దగ్గరికి పోయి అన్నాను. "ముత్యం, నీ పేరు కొట్టేసింది ప్రెసిడెంటు కాదు."

చెవి మీద చెయ్యి పెట్టాడు. "వినవడ్తలే సార్!"

"నీ పేరు కొట్టేసింది నేను!"

"వినవడ్తలే!"

అప్పుడు అరిచాను. పిల్లల మీద ఇరవై ఏళ్ళు అరిచిన గొంతు అది. "నీ పేరు నేనే కొట్టేసిన! హరీష్ కోసం కొట్టేసిన! మా అక్క కొడుకని కొట్టేసిన!"

ఆ వరసలో వాళ్ళు తిరిగి చూశారు. అవతలి వరస వాళ్ళూ తిరిగి చూశారు. నూలు చుట్టిన బీములు మోసే ముసలాయన మోస్తున్నది కింద పెట్టి నిలబడ్డాడు. ఒకడు తన సాంచా ఆపాడు. వాణ్ణి చూసి ఇంకొకడు. ఒకటొకటే ఆగుతూ వచ్చాయి, చివరికి ముత్యం కూడా తనవి ఆపాడు. ఆ కార్ఖానా పట్టపగలు అంత నిశ్శబ్దంగా ఉండడం నేను ఎన్నడూ చూడలేదు.

"ఎరుకే సార్" అన్నాడు ముత్యం. "మీరు చెప్పిన దినమే మిల్లుకు వోయి అడిగిన. ప్రెసిడెంట్ సారు లిస్టు నకలు చూపెట్టిండు. గీత మీదేనన్నడు. హరీష్ పేరు కింద గూడ పెన్ను ఆనిచ్చిన చుక్క ఉన్నది."

"మరి ఎరుకయ్యి గూడ ఎందుకొచ్చినవ్ రోజూ?"

"టీమ్ మాది సార్. నేను మీ కోసం మాల వెయ్యలే."

చుట్టూ అందరూ చూస్తున్నారు. వాళ్ళలో ముగ్గురు నా జట్టు పిల్లలే.

"అడిగితే చెప్తుంటి సార్" అన్నాడు. కోపంగా అనలేదు. "ఎన్ని రోజులు స్వామీ అని ఒక్క మాట."

వచ్చే దసరా టోర్నమెంట్‌కు లిస్టు పిల్లలందరి ముందర, కోర్టు గోడ మీద సుద్దతో రాస్తానని చెప్పాను. మొదటి పేరు నీదే అన్నాను. వస్తావు కదా అని అడిగాను. గట్టిగా అడగలేదు, అక్కడ అవసరం లేదు.

ముత్యం చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"వినవడ్తలే సార్" అన్నాడు.

సాంచాలన్నీ ఇంకా ఆగే ఉన్నాయి.